ఎడమవైపు నలుపు

మొన్న మా ఆయన అవనిగడ్డ నుంచి వస్తూ ఒక చక్రకేళి గెల తెచ్చి వంటింటి మూల వేలాడదీశారు. రెండు రోజులకల్లా అది మగ్గి ఇల్లంతా ఒకటే ఘుమఘుమ. పిల్లలు గెల చుట్టూ తిరుగుతున్నారు. నేను మాత్రం ఆ వాసన తగలగానే పొయ్యి కట్టేసి వచ్చి వరండాలో కూర్చున్నాను. నా ముక్కుకి అది పండు వాసన కాదు, వార్నీషు వాసన. వాచీ డయలు మీద ఆఖరి పూతగా పూసే వార్నీషు ఒకటుంటుంది. అది అచ్చం మగ్గిన అరటిపండులాగే వాసనేస్తుంది. పెళ్ళికి ముందు బందరులో కొన్నేళ్ళు ఆ వాసనలోనే నా పొద్దు గడిచింది. ఆ వాసన వెంట ఒక మనిషి గుర్తొస్తారు, ఆయన వెంట ఒక టీవీ తెర, ఆ తెర మీద ఆగిపోయిన ఒక నవ్వు. ఆ వరస ఎప్పుడూ తప్పదు. నేను అరటిపండు వద్దంటే, సంగతి తెలియని మా అత్తగారు నాది జలుబు శరీరమనుకుంటారు. అలాగే అనుకోనిచ్చాను.

ఆయన పేరు కరీముల్లా. బందరులో ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు. డయల్ సాయిబు గారంటే మాత్రం కోనేరు సెంటర్లో సోడాలమ్మేవాడు కూడా సందులోకి చెయ్యి చూపించేవాడు. వాచీలు బాగుచేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఈయన వాచీ బాగుచేయరు. మచ్చలుపడి, గీతలు చెరిగిపోయిన డయలును ఊడదీసి, పాత రంగు గీకేసి, కొత్త పూత వేసి, మళ్ళీ గీతలు గీసి ఇస్తారు. "లోపల తిరిగేదాన్ని మెకానిక్కు చూసుకుంటాడు. జనం చూసేది మొహాన్ని. మొహం నా డిపార్ట్‌మెంటు" అనేవారు. ఎవరైనా నోరు జారి 'రిపేరు' అన్నారంటే ఆ వాచీ ఇక ఓ పట్టాన వాళ్ళ చేతికి వచ్చేది కాదు. మనిషి ఎంత పనిమంతుడో అంత గర్విష్ఠి. కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదికి నెట్టుకుని, అన్నం కూడా అలాగే తినేవారు. ఆయన పనిలో తప్పుందని చెబితే, ముందు నీ కళ్ళు చూపించుకుని రా అనేవారు.

నేను డ్రాయింగు పరీక్షలు పాసై, బడిలో ఉద్యోగం కోసం ఎదురుచూసి విసిగిపోయి ఆయన దగ్గర చేరాను. మా నాన్నకి ఆయన పరిచయం. మొదటిరోజు ఒక చొక్కా గుండీ నా ముందు పెట్టి, దాని అంచు చుట్టూ నిమిషాల గీతలు గీయమన్నారు. ఊపిరి బిగబట్టి గీశాను. భూతద్దం దించుకుని చూసి, "ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఊపిరి పీల్చావు కదమ్మా?" అన్నారు. నిజంగానే పీల్చాను. "అక్కడ గీత వణికింది. ఫర్వాలేదు, రేపట్నుంచి రా" అన్నారు. అప్పటినుంచి ఆయనకి నేను పద్మమ్మను, నాకు ఆయన బాబాయి గారు.

బాబాయి గారికి సినిమాల పిచ్చి. కథ కోసం కాదు, చేతుల కోసం. హీరోయిన్ ఎందుకేడ్చిందో చెప్పలేరు గానీ, ఏడ్చేటప్పుడు ఆవిడ వాచీకి సెకన్ల ముల్లు ఉందో లేదో ఠక్కున చెప్పేవారు. ఆ రోజుల్లో కుర్రాళ్ళకి సినిమాలో చూసిన వాచీ కావాలి. అవన్నీ ఏనాటివో పాత రకాలు, కొందామన్నా దొరకవు. అందుకని ఇంట్లో మూలపడ్డ తాతగారి కీ వాచీ పట్టుకొచ్చి, "ఫలానా సినిమాలో ఉన్నట్టు దీని మొహం మార్చండి సాయిబు గారూ" అనేవారు. ఆయన మ్యాట్నీకి వెళ్ళి, మొదటి వరసలో తెరకి ముక్కు ఆనించినట్టు కూర్చునేవారు. వాచీ కనబడిన మరుక్షణం తల వంచేసి, చీకట్లోనే సిగరెట్ పెట్టె అట్ట మీద బొమ్మ గీసుకునేవారు. కంట్లో ఉండగానే దించేయాలట. ఆలస్యం చేస్తే మన బుర్ర దాన్ని తనకి నచ్చినట్టు మార్చేస్తుందట. బందరులో చూసింది చాలక గుడివాడ దాకా వెళ్ళి అదే సినిమా మళ్ళీ చూసొచ్చిన రోజులున్నాయి. కొట్టు వెనకాలే ఇల్లు. ఇంట్లో ఒక కలర్ టీవీ, కేసెట్లు వేసుకునే వీసీపీ కూడా ఇందుకోసమే కొన్నారు. వాచీ కనబడగానే బొమ్మను ఆపేసి, వణికే తెల్లగీతల వెనకాల డయలును వెతికేవారు. పక్కన కూర్చున్న భార్య పాట పూర్తిగా ఎప్పుడు వింటానో అని నెత్తి కొట్టుకునేది.

ఒక ఏడాది ఒక సినిమా వచ్చింది. పాతకాలం కథ. జమీందారు కొడుకు వేషంలో ఉన్న హీరో చేతికి ఒక వింత వాచీ ఉంటుంది. అంకెలు లేవు, సన్నటి గీతలే. డయలు నిలువునా రెండు సగాలు. ఒక సగం వెండి తెలుపు, ఒక సగం కారునలుపు. ఆ మోజు దివిసీమ దాకా పాకింది. నాగాయలంక అవతల సముద్రం ఒడ్డు పాలెం నుంచి నాంచారయ్య అనే కుర్రాడు వచ్చాడు. చేపల వేటకి వెళ్ళే మనిషి. వలతాళ్ళు కోసుకుపోయి అరచేతులు బండబారి ఉన్నాయి. ఆ నెల్లోనే పెళ్ళట, పెళ్ళినాటికి ఆ వాచీ కావాలట. "మా నాగమణికి ఆ సినిమా అంటే పిచ్చండి. పీటల మీద నా చెయ్యి చూసి నోరెళ్ళబెట్టాల" అని సిగ్గుపడిపోయాడు. బాబాయి గారు మ్యాట్నీకి వెళ్ళొచ్చి, అట్ట మీది బొమ్మ ప్రకారం డయలు ఎడమ సగం నల్లగా, కుడి సగం తెల్లగా చేసి ఇచ్చారు. నలుపును ఆయన దీపం సెగ మీద గట్టిపరిచేవారు, గీకినా ఊడదని గొప్ప. నాంచారయ్య దాన్ని చేతికి పెట్టుకుని, మా కొట్టు అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిప్పుకుని చూసుకున్నాడు. అంత సంతోషం ఉన్న మొహం మా కొట్లో నేను మళ్ళీ చూడలేదు.

వారం తిరక్కుండా అతని స్నేహితులు ముగ్గురు దిగారు. అదే వాచీ, అచ్చంగా అదే. "అన్నీ ఒకేలా ఉండాలండీ, మేం నలుగురం ఒకే పడవ" అన్నారు. గీతల మందం నాకు చూపించాలని ఈసారి నన్నూ మ్యాట్నీకి తీసుకెళ్ళారు బాబాయి గారు. తెరనిండా వాచీ వచ్చింది. ఎడమవైపు నలుపు. ఆయన అలవాటుగా తల వంచి గీసుకోవడంలో పడ్డారు. నేను తల వంచలేదు. కెమెరా మెల్లగా వెనక్కి జరిగింది. చూస్తే అది అద్దం. జమీందారు కొడుకు అద్దం ముందు నిలబడి మెడకి గుడ్డ చుట్టుకుంటున్నాడు. ఇటు తిరిగేసరికి పాపిడి రెండో పక్కకి మారింది, వాచీలో నలుపు కుడివైపుకి వచ్చింది. "బాబాయి గారూ, అది అద్దమండీ" అన్నాను. ఆయన తలెత్తేసరికి పాట మొదలైపోయింది. నమ్మలేదు. నన్ను ఇంటికి పంపించి, ఫస్ట్ షోకి మళ్ళీ కూర్చున్నారు.

మర్నాడు ఆ పాత అట్ట మీది బొమ్మను తిప్పి తిప్పి చూశారు. చివరికి, "చెయ్యే చూశాను, పాపిడి చూడలేదు" అన్నారు. తప్పు చేశానని నోటితో అనలేదు. "పెళ్ళికొడుక్కి చెప్పకు పద్మమ్మా. నలుపు ఏ పక్కనుందో పెళ్ళిలో ఎవడు చూస్తాడు?" అన్నారు. ఎవరూ చూడలేదు కూడా. ఆ ముగ్గురికీ కుడివైపు నలుపుతో సరిగ్గా చేసి ఇచ్చారు. వాళ్ళు నాంచారయ్య వాచీ పక్కన పెట్టి చూసుకున్నా, సగం నలుపు సగం తెలుపు కనబడిందేగాని తేడా కనబడలేదు. మా ఇద్దరి మధ్యా దానికి 'అద్దం వాచీ' అని పేరు పడింది. నా మీద కేకలేసినప్పుడల్లా, "అద్దం వాచీ ఎలా ఉందో ఏమిటోనండీ" అనేదాన్ని. కుంచె విసిరేవారు. ఆ తర్వాత తనే నవ్వేవారు. నాకు అవి మంచి రోజులని అప్పుడు తెలియదు.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టుకుంది. బందరులో మా సందు నిండా నీళ్ళు, కరెంటు లేదు, వార్నీషు ఆరడం లేదని ఆయన విసుక్కుంటున్నారు. మా బాధ అంతవరకే. నీళ్ళు తీసి, కరెంటొచ్చి, మళ్ళీ పని మొదలుపెట్టిన కొన్నాళ్ళకి పాలెం నుంచి మనుషులొచ్చారు. ముందు వాళ్ళ కులపెద్ద. వెనక నాంచారయ్య తల్లి తిరుపతమ్మ, భార్య నాగమణి, మిగిలిన ముగ్గురి తండ్రులు. అప్పుడు తెలిసింది మాకు, ఆ నలుగురూ ఎక్కిన పడవ ఒడ్డుకి రాలేదని.

కులపెద్ద నిలబడే చెప్పాడు. "ఎక్కడో దూరాన ఒక శవం ఒడ్డుకి కొట్టుకొచ్చిందండి. మొహం ఆనవాలు పట్టేట్టు లేదంట. అక్కడి వాళ్ళే పూడ్చేసి చేతి వాచీ మాత్రం పంపారు. నలుగురికీ మీరే చేశారంట గదండీ. ఎవరిదో మీరే తేల్చాల." గుడ్డమూట విప్పి బల్ల మీద పెట్టాడు. అద్దం లేదు. ముళ్ళు లేవు. ఉప్పు తిన్న చోటల్లా పచ్చటి చిలుము. తెల్లపూత మొత్తం పోయి ఇత్తడి రేకు బయటపడింది. నలుపు ఒక్కటే అంటుకుని ఉంది, ఆయన గొప్పగా చెప్పుకున్నట్టే. బాబాయి గారు దాన్ని అరచేతిలోకి తీసుకుని, కీ తిప్పే బొడిపె కుడివైపుకి వచ్చేట్టు తిప్పారు. నలుపు ఎడమవైపు ఉంది. నేను పక్కనే ఉన్నాను. ఆయన నావైపు చూడలేదు.

"నాలుగూ ఒకటే గదయ్యా" అంది తిరుపతమ్మ. "నాలుగూ ఒకే అచ్చు. ఎవరిదని చెబుతావు నువ్వు మాత్రం? చెప్పలేనని చెప్పు." ఆవిడ అడగడం లేదు, బతిమాలుతోంది. వాచీలు నాలుగూ ఒకటే అయినంతవరకూ ఆ శవం ఎవరి కొడుకూ కాదు. ఆ తండ్రులు ముగ్గురూ కూడా నేల చూపులు చూస్తూ ఆ మాటనే పట్టుకుని నిలబడ్డారు. బాబాయి గారు ఒక్క మాట, తెలియదన్న మాట అంటే చాలు, అందరూ బస్సెక్కి వెళ్ళిపోతారు. ఆయన తప్పు కూడా ఆయన దగ్గరే ఉండిపోతుంది.

అప్పుడు నాగమణి ముందుకొచ్చింది. చాలా చిన్నపిల్ల. "నాకు తెలవాల బాబాయి గారూ" అంది. "పొద్దున్నే బొట్టు పెట్టుకుందామంటే చెయ్యి ఆడట్లేదండి. పెట్టుకుంటే ఎట్టా, మానేస్తే ఎట్టా? మా పెళ్ళి కేసెట్టు తెచ్చాను. ఇందులో ఆయన చెయ్యి బాగా కనబడుద్ది. మీరు సినిమాల్లో చూసి చెబుతారంట గదా, దీంట్లో చూసి చెప్పండి." తిరుపతమ్మ కోడలి భుజం పట్టి వెనక్కి లాగబోయింది. ఆ పిల్ల కదల్లేదు.

అందరం కొట్టు వెనకాల ఇంట్లోకి వెళ్ళాం. కేసెట్టు పెట్టారు. మేళాలు, తలంబ్రాలు, కెమెరాని చూసి మొహం తిప్పుకునే ముసలమ్మలు. ఆ తర్వాత పెళ్ళికొడుకు చుట్టూ ముగ్గురు స్నేహితులు చేరి, నలుగురూ పిడికిళ్ళు పైకెత్తి వాచీలు చూపిస్తూ నవ్వారు. బాబాయి గారు బొమ్మను ఆపారు. తెల్లగీతల మధ్య నాలుగు నవ్వులు వణుకుతున్నాయి. తిరుపతమ్మ వెళ్ళి టీవీ అద్దం మీద కొడుకు బుగ్గ దగ్గర చెయ్యి పెట్టింది. బాబాయి గారు నుదుటి మీది భూతద్దం తీసి పక్కన పెట్టేశారు. ఆ నుదురు ఖాళీగా ఉండగా చూడడం నాకదే మొదటిసారి.

"నాలుగూ ఒకటి కాదమ్మా, మూడే ఒకటి" అన్నారు. "ఒకటి నేను తప్పు చేశాను. సినిమాలో అద్దంలో ఉన్నదాన్ని చూసి అసలనుకుని, నలుపు ఎడమవైపు వేశాను. అది మీ నాంచారయ్యది. తర్వాత తెలిసింది. సిగ్గుపడి చెప్పలేదు." వేలు పెట్టి తెర మీద చూపించారు. మూడు చేతుల మీద నలుపు ఒక పక్కనుంది, పెళ్ళికొడుకు చేతి మీద రెండో పక్కనుంది. చూపించేదాకా కనబడదు, చూపించాక ఇంకేమీ కనబడదు. అరచేతిలో ఉన్న వాచీని దాని పక్కన పెట్టారు.

నాగమణి రెండింటినీ మార్చి మార్చి చూసింది. "ఇది కూడా తిరగబడిందేమో బాబాయి గారూ" అంది మెల్లగా. "సినిమాలో మీకు తిరగబడినట్టే ఇక్కడా తిరగబడి ఉండొచ్చు గదండీ?" ఆయన తెరకి దగ్గరగా వంగారు. పెళ్ళికొడుకు తల వెనకాల పందిట్లో అట్టముక్కలు కత్తిరించి అంటించిన అక్షరాలున్నాయి, నాంచారయ్య, నాగమణి అని. వాటివైపు చెయ్యి చూపించి, "అక్షరాలు సరిగ్గానే ఉన్నాయమ్మా" అన్నారు.

తిరుపతమ్మ గిరుక్కున తిరిగింది. "సరిగ్గా చేసుంటే నా కొడుకు బతికుండేవాడు గదయ్యా!" అని ఆయన చొక్కా పట్టుకుంది. ఆ మాటకి అర్థం లేదని అందామా? ఆ గదిలో ఉన్న మా అందరికీ అర్థమైంది. ఆయన చొక్కా విడిపించుకోలేదు. ఎవరో ఆవిణ్ణి పట్టుకుని కూర్చోబెట్టారు. టీవీ సంగతి అందరం మరిచిపోయాం. ఎక్కువసేపు ఆపి ఉంచితే ఆ మిషను దానంతటదే కదిలేది. ఉన్నట్టుండి మేళాలు మోగాయి. నాంచారయ్య నవ్వుతూ చెయ్యి దించి, ఎవరినో పక్కకి పిలిచాడు. ఆపడానికి మాలో ఎవరికీ చెయ్యి రాలేదు.

వెళ్ళేటప్పుడు వాచీని నాగమణే గుడ్డలో కట్టుకుంది. గుమ్మం దగ్గర ఆ ముగ్గురు తండ్రుల్లో ఒకాయన వెనక్కొచ్చి, "అయితే మావాడిది కాదు గదండీ?" అని గుసగుసగా అడిగాడు. కాదని బాబాయి గారు తలూపారు. ఆ తండ్రి మొహంలోకి ఒక్క క్షణం వెలుగొచ్చింది, వెంటనే సిగ్గుతో తల దించుకున్నాడు. ఆ తర్వాత బందరు ఏ పని మీద వచ్చినా ఆయన మా కొట్టుకి వచ్చి, కాసేపు బల్ల మీద కూర్చుని వెళ్ళేవాడు. ఆ ముగ్గురు తండ్రుల కొడుకుల కబురూ ఇక రాలేదు.

నాకు ఉండబట్టలేదు. ఒకరోజు అడిగేశాను, తెలియదని చెప్పి ఉండొచ్చు కదండీ అని. కుంచె కింద పెట్టారు. "తల్లి వద్దంది, పిల్ల కావాలంది. ఎవరి మాట వినాల్సిందో నాకిప్పటికీ తెలియదు పద్మమ్మా. కానీ తెలియదని అంటే, ఆ పిల్ల బతుకంతా గుమ్మంలో కూర్చుని నా తప్పుకి కాపలా కాస్తుంది. అది చూస్తూ ఎలా తింటాను అన్నం?" అన్నారు. చెప్పాక మాత్రం తిన్నారా అంటే, అదీ సరిగ్గా తినలేదు.

ఆ తర్వాత ఆయన సినిమాకి వెళ్ళలేదు. వచ్చిన ప్రతి డయలు మీదా, ఆరు గంటల గీత కింద, మనిషి పేరులో మొదటి అక్షరాన్ని నా చేత రాయించేవారు. వెంట్రుకంత సన్నంగా, తెలిసినవాళ్ళకి తప్ప కనబడకుండా. ఒక కుర్రాడు అది పసిగట్టి, సినిమాలో వాచీకి అక్షరం లేదని గొడవపెట్టుకున్నాడు. "సినిమాలో వాడు చచ్చిపోయినా సాయంత్రం ఇంటికెళ్తాడు. నువ్వలా కాదురా" అన్నారు. కుర్రాడు భయపడి వాచీ వెనక్కి తీసుకుపోయాడు. ఆ సంగతి ఊళ్ళో పాకింది. సాయిబు గారికి మతి చలించిందన్నారు. ఈలోగా బ్యాటరీ వాచీలు కుప్పలుగా వచ్చిపడ్డాయి, పాత మొహాలు మార్పించుకునేవాళ్ళు తగ్గిపోయారు. నాకు గుడివాడ సంబంధం కుదిరింది. అప్పగింతల రోజు ఆయన వచ్చి, వీడియో వాడు లైటు వేసేసరికి పక్కకి తప్పుకుని నిలబడ్డారు. మా పెళ్ళి కేసెట్టులో ఆయన ఎక్కడా లేరు.

ఆయన పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్ళేసరికి కొట్టులో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. లోపలింట్లో టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. "చివర్లో అది కనబడకూడదన్నారమ్మా, నేనూ తీయలేదు" అంది ఆయన భార్య. ఆవిడ పాటలు వినడం కూడా మానేసిందని అర్థమైంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. నా చేతిలో ఇవాళ ఉన్న విద్య మొత్తం ఆయనది. ఆయన్ని ఆ దిగుల్లో వదిలేసి వచ్చానన్న బాధ మాత్రం నాది.

ఇప్పుడు నేను గుడివాడలో ఇంటి ముందు గదిలోనే కంప్యూటరు మీద డయళ్ళు తయారుచేస్తున్నాను. పాతకాలం వాచీల మీద మళ్ళీ మోజు పుట్టింది. సినిమా సీడీ పట్టుకొచ్చి, బొమ్మ ఆపి, ఇలాంటిదే కావాలంటారు. ఇప్పుడు ఆపిన బొమ్మ వణకదు. ఎంతసేపు ఆపినా దానంతటది కదలదు. పోయిన నెల కాలేజీ కుర్రాళ్ళు నలుగురు వచ్చి, "నాలుగూ ఒకేలా ఉండాలి మేడమ్" అన్నారు. అలాగేనన్నాను. మాటల్లో పెట్టి నలుగురి పేర్లూ అడిగి తెలుసుకున్నాను. ఆరు కింద నాలుగు అక్షరాలు పెట్టాను. వాళ్ళకి చెప్పలేదు.

ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే నాకూ ముందు చేతులే కనబడతాయి, అది ఆయన అంటించిన జబ్బు. కానీ ఎవరైనా నవ్వుతూ చెయ్యి పైకెత్తారంటే, నా కళ్ళు చేతిని వదిలేసి వాళ్ళ వెనకాలికి పోతాయి. గోడ మీదో, బోర్డు మీదో, పందిట్లోనో అక్షరాలున్నాయేమోనని వెతుకుతాయి. దొరికిన ప్రతిసారీ సరిగ్గానే ఉంటాయి. తిరగబడి ఉంటే బాగుండునని ఇప్పటికీ ప్రతిసారీ అనుకుంటాను.